సఫర్‌మైనా: పార పట్టిన సిపాయీల చరిత్ర

యుద్ధం అనగానే మన పిల్లల కళ్ళ ముందు తుపాకీ, ఫిరంగి, విమానం మెదులుతాయి. పాఠ్యపుస్తకాలలో కూడా ఏ యుద్ధంలో ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నదే ఉంటుంది. ఆ సైన్యం ఏరు దాటడానికి వంతెన ఎవరు వేశారు, గుర్రాలు నడవడానికి బాట ఎవరు చదును చేశారు, శత్రువు పాతిపెట్టిన మందుపాతర ఎవరు పైకి తీశారు అన్న ప్రశ్నలు పరీక్షలో రావు. అందుచేత ఆ మనుషులు ఎవరికీ జ్ఞాపకం ఉండరు.

ఆ మనుషులలోనూ మరీ మరుగున పడినవారు ఒక వర్గం ఉన్నారు. ఏడాదిలో ఎక్కువ రోజులు తమ సొంత ఉద్యోగం, సొంత వృత్తి చేసుకుంటూ, పిలుపు వచ్చినప్పుడు ఖాకీ తొడిగి సైన్యంలో ఇంజనీరు దళంగా పనిచేసినవారు వారు. వారి చరిత్ర మన పలాస రైలు పట్టాలతో కూడా ముడిపడినది. మన సంఘం సావనీరులో దానిని నాలుగు మాటలలో చెప్పుకోవడం అవసరమని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

పేరులో ఉన్న చరిత్ర

సైన్యంలో ఈ పని చేసేవారిని ఇంగ్లీషువారు ‘సాపర్లు’ అన్నారు. కోట గోడ దగ్గరకు గుండు దెబ్బ తగలకుండా చేరడానికి తవ్వుకుంటూ పోయే కందకానికి ‘సాప్’ అని పేరు. ఆ కందకం తవ్వేవాడు సాపర్. గోడ కింద సొరంగం తవ్వి మందు పెట్టి పేల్చేవాడు మైనర్. ఇద్దరినీ కలిపి ‘సాపర్స్ అండ్ మైనర్స్’ అన్నారు. హిందుస్తానీ మాట్లాడే సిపాయీల నోట్లో పడి అదే ‘సఫర్‌మైనా’ అయి కూర్చుంది. సఫర్ అంటే ప్రయాణం. మైనా అంటే గోరువంక పిట్ట. అర్థంతో సంబంధం లేకపోయినా పేరు మాత్రం అందంగా కుదిరింది. ఫౌజు ప్రయాణానికి ముందు ఎగిరే పిట్టలే గదా వీరు!

ఇంగ్లీషువారు రాకముందు కూడా మన దేశంలో ఈ పని ఉంది, దానికి పేరూ ఉంది. ఫార్సీలో ‘బేల్’ అంటే పార. పార పట్టినవాడు ‘బేల్దార్’. మొగలు ఫౌజులు కదిలినప్పుడల్లా వేల సంఖ్యలో బేల్దార్లు ముందు నడిచి అడవి కొట్టి, గట్లు తెగ్గొట్టి, ఏనుగులకూ ఫిరంగులకూ బాట వేసేవారు. ‘ఖందక్’ అన్న మాట కూడా అరబ్బీలోకి ఫార్సీ నుంచి వచ్చినదే. ‘కందా’ అంటే తవ్వినది. మాట ఫార్సీ నుంచి వచ్చినట్లే, మదీనాలో ఖందక్ తవ్వాలన్న ఆలోచన కూడా ఫార్స్ దేశపు మనిషి నుంచే వచ్చింది.

మదీనా కందకం

హిజ్రీ 5వ సంవత్సరం, అంటే క్రీ.శ. 627లో మక్కా ఖురైషులూ, వారి మిత్ర తెగలూ కలిసి సుమారు 10,000 మందితో మదీనా మీదకు బయలుదేరారు. ఎదిరించగలిగినవారు మదీనాలో సుమారు 3,000 మంది మాత్రమే. అప్పుడు హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) తమ దేశంలో కోటలను కాపాడుకునే పద్ధతి చెప్పారు. ఊరికి మిగతా వైపుల ఖర్జూరపు తోటలు, రాతి నేలలు, ఇళ్ళ గోడలు అడ్డున్నాయి. ఉత్తరం వైపు మాత్రం బయలు. ఆ బయలుకు అడ్డంగా గుర్రం దూకలేనంత వెడల్పున కందకం తవ్వాలని నిర్ణయించారు.

తవ్వినవారెవరు? జీతాలు తీసుకునే ఇంజనీరు పటాలం మదీనాలో లేదు. ఖర్జూరం పండించేవారు, బజారులో వ్యాపారం చేసుకునేవారు, ఒంటెలు తోలేవారు, నిన్నటి బానిసలు, నేటి పెద్దలు అందరూ దిగారు. పదేసి మంది చొప్పున జట్లు కట్టి, ఒక్కొక్క జట్టుకు ఇన్ని మూరలని కొలిచి పంచుకున్నారు. మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) తామే పలుగు పట్టారు, మట్టి మోశారు. చలికాలం. తిండి చాలదు. అయినా శత్రువు వచ్చేసరికి కందకం సిద్ధమైంది. అరబ్బు దేశంలో అంతవరకు చూడని ఆ ఏర్పాటు ముందు అంత పెద్ద ఫౌజూ వారాల తరబడి నిలబడిపోయి, చివరకు గాలివాన దెబ్బకు డేరాలెత్తి వెళ్ళిపోయింది.

ఈ సంగతి మనందరికీ తెలిసినదే. కాని దీనిలో ఒక మాట గమనించాలి. ఆ 3,000 మందీ ఈనాటి మాటలో చెప్పాలంటే పార్ట్ టైము సైనికులే. పని ముగిశాక తోటవాడు తోటకు, దుకాణదారు దుకాణానికి వెళ్ళారు. కనుక ‘పూర్తికాలం సైన్యంలో లేడు గదా’ అని ఎవరినైనా తక్కువ చేసే ముందు మనం కాస్త ఆలోచించుకోవాలి.

గోల్కొండ నుంచి బెంగుళూరు దాకా

మన తెలుగుదేశపు చరిత్రలో పార పట్టినవాడి పనితనం తెలియజేసే గట్టి ఉదాహరణ 1687 గోల్కొండ ముట్టడి. ఔరంగజేబు సైన్యం కోట బురుజుల దాకా సొరంగాలు తవ్వి మందు నింపింది. కోటలోనివారు లోపలి నుంచి ఎదురు తవ్వి, సొరంగాన్ని పట్టుకుని, తమ వైపు మందు లాగేసి నీళ్ళు పోశారు. బయటివారు నిప్పు పెట్టగానే పేలుడు వెనక్కి తన్ని మొగలు సైనికుల మీదే పడింది. ఎనిమిది నెలలు నిలిచిన ఆ కోట చివరకు లోపలివాడు ద్వారం తీయడం వల్ల పోయింది గాని సొరంగాల వల్ల పోలేదు.

తర్వాత ఇంగ్లీషు కంపెనీ కాలం. హైదరలీ కర్ణాటకం మీద విరుచుకుపడిన 1780లో, సెప్టెంబరు 30వ తేదీన మద్రాసులో రెండు పయొనీరు కంపెనీలు ఏర్పాటు చేశారు. అవే పెరిగి పెరిగి మద్రాసు సాపర్లుగా పేరు పొందాయి. నేడు బెంగుళూరులో ఉన్న మద్రాస్ ఇంజనీర్ గ్రూపు వారి వారసత్వమే. తమిళులు, తెలుగువారు, దక్కను ముస్లిములు, క్రైస్తవులు, హరిజనులు ఒకే కంపెనీలో కలిసి పనిచేసిన పటాలం అది. 1912లో ముళ్ళకంచెను పేల్చి దారి చేసే గొట్టం ఒకటి ఆ పటాలం అధికారే బెంగుళూరులో తయారు చేశాడు. ‘బెంగుళూరు టార్పెడో’ అన్న పేరుతో అది ప్రపంచ సైన్యాలన్నిటికీ తెలిసింది.

దక్షిణాదివారు యుద్ధానికి పనికిరారని, ‘యోధ జాతులు’ వేరే ఉన్నాయని తెల్లదొరలు ఒక సిద్ధాంతం పెట్టుకుని మద్రాసు పదాతి పటాలాలను ఒక్కొక్కటే రద్దు చేశారు. 1920ల చివరికి అవి దాదాపు అంతరించాయి. కాని సాపర్లను మాత్రం రద్దు చేయలేకపోయారు. వంతెన వేయడం తెలిసినవాడిని ఏ సిద్ధాంతం చెప్పి పంపించగలరు? 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో మిగ్నానో దగ్గర మందుపాతర పేలబోతుండగా తోటివారిని కాపాడడానికి దాని మీద పడి ప్రాణం విడిచిన సుబేదార్ సుబ్రమణియన్ ఈ పటాలంవాడే. జార్జి క్రాస్ అందుకున్న మొదటి భారతీయుడు ఆయన.

ఇదంతా పూర్తికాలపు సిపాయీల కథ. ఇక మనం అసలు విషయానికి వద్దాం.

అడిగినా ఇవ్వని హక్కు

ఉద్యోగం చేసుకుంటూనే తీరిక వేళల్లో సైనిక శిక్షణ పొందే వలంటీరు దళాలు బ్రిటిషు ఇండియాలో చాలా ఉండేవి. రైల్వే కంపెనీలకు సొంత దళాలు ఉండేవి. మన ప్రాంతం గుండా పోయే తూర్పు తీర రైలు మార్గం 1893 - 96 మధ్య నిర్మాణమైంది. దానిలో వాల్తేరుకు ఉత్తరపు భాగం, అంటే మన పలాస, నౌపడ స్టేషన్లున్న భాగం, 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. ఆ కంపెనీకి కూడా వలంటీరు రైఫిల్ దళం ఉండేది. అందులో డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లు ఉండేవారు. అయితే ఒక షరతు. వారు ఐరోపావారో, ఆంగ్లో ఇండియన్లో అయి ఉండాలి. ఎండలో కంకర పరిచి, స్లీపర్లు మోసి, పట్టా బిగించిన మన గ్యాంగ్‌మన్‌కు ఆ దళంలో చోటు లేదు.

1885లో రష్యా దండెత్తి వస్తుందన్న భయం లేచినప్పుడు మన నాయకులు ‘మమ్మల్ని కూడా వలంటీర్లుగా చేర్చుకోండి, మా దేశాన్ని మేమూ కాపాడుకుంటాం’ అని అడిగారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1886లో కలకత్తా కాంగ్రెసు ఇదే కోరింది. 1887 డిసెంబరులో మద్రాసులో జరిగిన మూడవ కాంగ్రెసు మళ్ళీ కోరింది. ఆ మద్రాసు సభకు అధ్యక్షులు బద్రుద్దీన్ త్యాబ్జీ. కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన ప్రప్రథమ ముస్లిం నాయకులు ఆయనే. సైన్యంలో పెద్ద ఉద్యోగాలు భారతీయులకు ఇవ్వాలనీ, వలంటీరు దళాల తలుపులు తెరవాలనీ ఆయన అధ్యక్షతన తీర్మానాలు జరిగాయని మన యువకులలో ఎంతమందికి తెలుసు?

ఆ కోరికలో ఆత్మగౌరవం ఉంది. తుపాకీ మోజు కాదది. దేశానికి పన్ను కట్టడానికి పనికివచ్చే మనిషి, రైలు నడపడానికి పనికివచ్చే మనిషి, దానిని కాపాడడానికి మాత్రం ఎందుకు పనికిరాడు అన్నదే ప్రశ్న.

మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో భారత రక్షణ దళం చట్టం చేసినప్పుడు మొదటిసారిగా భారతీయులకు సందు దొరికింది. 1920లో రెండు చట్టాలు వచ్చాయి. ఐరోపావారికీ ఆంగ్లో ఇండియన్లకూ ఆగ్జిలరీ ఫోర్స్, భారతీయులకు ఇండియన్ టెరిటోరియల్ ఫోర్స్. పని ఒకటే, పంక్తులు రెండు. రైల్వే దళాలు ఆగ్జిలరీ వైపే ఉండిపోయాయి.

రెండవ ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఈ పట్టింపులు కొంత సడలక తప్పలేదు. ఇరాక్, ఇరాన్ దేశాలలో రైళ్ళు నడపడానికి, కొత్త లైన్లు వేయడానికి మన రైల్వేల నుంచే మనుషులను తీసుకుని సైనిక రైల్వే కంపెనీలు కట్టారు. ఇక్కడ చాలా శాఖా లైన్ల పట్టాలు ఊడదీసి ఓడలలో పంపారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసినప్పుడు యుద్ధం మన గుమ్మంలోకే వచ్చింది. మద్రాసు, కలకత్తాలను కలిపే ఈ ఒంటి తీగ లాంటి రైలుమార్గం తెగితే ఏమవుతుందో అప్పుడు అందరికీ అర్థమైంది.

టోపీ మాత్రం మారింది

స్వాతంత్ర్యం తర్వాత 1948లో టెరిటోరియల్ ఆర్మీ చట్టం అయింది. 1949 అక్టోబరు 9న గవర్నరు జనరల్ రాజగోపాలాచారి గారు దానిని లాంఛనంగా ప్రారంభించారు. ఈసారి జాతి షరతు లేదు. త్యాబ్జీ సభలో అడిగిన దానికి పూర్తి జవాబు రావడానికి 62 సంవత్సరాలు పట్టిందన్నమాట.

ఆ ఏడాదే రైల్వే ఉద్యోగులతో టెరిటోరియల్ ఆర్మీ దళాలు మొదలయ్యాయి. కాలక్రమాన జమాల్‌పూర్, ఝాన్సీ, కోటా, ఆద్రా, చండీగఢ్, సికిందరాబాదు కేంద్రాలుగా ఆరు రైల్వే ఇంజనీర్ రెజిమెంట్లు నిలిచాయి. ఆద్రా ఆగ్నేయ రైల్వేలోనిది. మన పలాస స్టేషను కూడా 2003 ఏప్రిల్ 1న తూర్పు తీర రైల్వే ఏర్పడేదాకా ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది.

ఈ ఏర్పాటు ఎలా నడిచేదో చెప్పుకుందాం. డ్రైవరు, ఫైర్‌మన్, గార్డు, పాయింట్స్‌మన్, ఫిట్టరు, సిగ్నలు మిస్త్రీ, గ్యాంగ్‌మన్ ఎవరైనా తమ ఇష్టంతో చేరవచ్చు. ఏడాది పొడుగునా రైల్వే డ్యూటీ. ఏడాదికొకసారి శిబిరం. అక్కడ పెరేడ్, తుపాకీ పేల్చడం, వాటితో పాటు విరిగిన పట్టా త్వరగా మార్చడం, కూలిన వంతెనకు తాత్కాలికంగా ఊతమివ్వడం, దీపాలు లేకుండా రాత్రిపూట బండి నడపడం లాంటివి నేర్పేవారు. పిలుపు వచ్చి సైన్యంలోకి తీసుకున్న రోజు నుంచి ఆ మనిషి సైనిక చట్టం కిందికి వస్తాడు. పని ముగిశాక అతని పాత ఉద్యోగం అతనికి తిరిగి ఇవ్వాలని 1948 చట్టంలోనే ఉంది.

మా పేటలో ఒక పెద్దాయన ఉన్నారు. గ్యాంగ్‌లో పనిచేసి రిటైరయ్యారు. అస్ర్ నమాజు తర్వాత మస్జిదు అరుగు మీద కూర్చుని ఆ శిబిరాల సంగతులు చెబుతారు. ఒకసారి నేను, ‘చాచా, అక్కడ పని ఇక్కడి పనికంటే కష్టమా?’ అని అడిగాను. ఆయన నవ్వి, ‘ఏటి మాస్టారూ, పార అదే, పట్టా అదే. టోపీ ఒక్కటే మారింది. కాని ఆ నెల్లాళ్ళూ నన్నెవుడూ గేంగుమేనని పిలవలేదు. సేపరని పిలిచారు’ అన్నారు. ఇంజనీరు దళంలో మామూలు సిపాయిని ‘సాపర్’ అనే పిలుస్తారు. ఆయన ఆ మాట పలికినప్పుడు ఆయన మొహంలో వెలుగు చూసి, బద్రుద్దీన్ త్యాబ్జీ సభలో అడిగినది ఈ వెలుగే గదా అనిపించింది.

రెండు యుద్ధాలు, ఒక సమ్మె

1965, 1971 యుద్ధాలలో రైల్వే టెరిటోరియల్ దళాలకు పిలుపు వచ్చింది. యుద్ధ సమయంలో రైలు పని ఎంత ప్రమాదమో తెలియడానికి రాజస్థాన్ సరిహద్దు చాలు. 1965 సెప్టెంబరు 9న గడ్రా రోడ్డు దగ్గర లైను తెగకుండా చూస్తున్న 17 మంది రైల్వే ఉద్యోగులు శత్రు విమాన దాడుల మధ్య ప్రాణాలు ధారపోశారు. అక్కడ వారి స్మారకం ఉంది. ఏటా ఆ తేదీన తోటి ఉద్యోగులు చేరి నివాళులర్పిస్తారు.

1971 డిసెంబరులో అదే లైను మీద ముందుకు వెళ్ళిన మన సైన్యానికి నీళ్ళు, తిండి, మందుగుండు చేరవేయాలి. ఎడారిలో లారీ చక్రం ఇసుకలో దిగబడిపోతుంది. మునాబావ్ నుంచి అవతల ఖోఖ్రాపార్ వైపు తెగిపోయి ఉన్న పట్టాలను కలిపి బండ్లు నడిపారు. పై నుంచి విమానాలు దాడి చేస్తుండగా సాగిన ఆ పనిలో టెరిటోరియల్ రైల్వే సాపర్ల కష్టం ఉంది. ఒక స్లీపరు మోయడానికి నలుగురు కావాలి. ఆ నలుగురి చేతుల్లో అప్పుడు తుపాకీ ఉండదు. శత్రువు వచ్చినా వదిలి పరుగెత్తడానికి వీలుండదు. సాపర్ ధైర్యం ఆ తీరుది.

1974లో వచ్చిన పరీక్ష వేరు. ఆ ఏడాది మే 8 నుంచి 27 వరకు దేశమంతటా రైల్వే సమ్మె జరిగింది. జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో సుమారు 17 లక్షల మంది కార్మికుల పేరున సాగిన సమ్మె అది. జీతాలు, పని గంటలు, బోనసు కోసం పోరాటం. ప్రభుత్వం రైళ్ళు ఆగకుండా టెరిటోరియల్ దళాలను పిలిచింది. ఇంజను మీద నిన్నటిదాకా పక్కపక్కన నిలబడిన ఇద్దరిలో ఒకడు సమ్మెలో జైలుకు వెళ్ళాడు, రెండోవాడు యూనిఫారం వేసుకుని అదే ఇంజను నడిపాడు. సైనిక చట్టం కింద ఉన్నవాడికి సమ్మె హక్కు లేదు. రైల్వే కాలనీలో మాత్రం ఆ ఇద్దరి ఇళ్ళూ ఒకే వరుసలో ఉంటాయి, పిల్లలు ఒకే బడికి వెళ్తారు.

ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అని నేను తీర్పు చెప్పబోవడం లేదు. బిడ్డల కడుపు కోసం సమ్మె చేసినవాడూ, ఇచ్చిన మాట కోసం బండి నడిపినవాడూ ఇద్దరూ కార్మికులే. అయితే రెండు టోపీలు పెట్టుకున్న మనిషికి రెండు బాధ్యతలు ఎదురుబొదురు నిలిచే రోజు కూడా వస్తుందని ఆ 20 రోజులు చూపించాయి. పార్ట్ టైము సైనికోద్యోగం తేలిక అనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఆరింటిలో ఒకటి

2023లో ఆ ఆరు రైల్వే రెజిమెంట్లలో ఐదింటిని రద్దు చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఝాన్సీ, కోటా, ఆద్రా, చండీగఢ్, సికిందరాబాదు దళాలు రద్దు జాబితాలో చేరాయి. జమాల్‌పూర్ దళాన్ని ఒక్కదాన్ని ఉంచారు. రంగపాని నుంచి న్యూ జల్‌పాయిగురి, సిలిగురి, న్యూ మాల్, అలీపూర్ దువార్ మీదుగా రంగియా దాకా పోయే 361 కిలోమీటర్ల మార్గం కోసం దానిని నిలిపారు. మ్యాపు తీసి చూస్తే కారణం తెలుస్తుంది. ఈశాన్య రాష్ట్రాలను మిగతా దేశంతో కలిపే సన్నటి మెడ లాంటి భూభాగం అది.

కాలం మారింది, అవసరాలు మారాయి. దళాన్ని ఉంచడం, తీయడం ప్రభుత్వపు పని. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. నా బాధ వేరు. దళం రద్దయితే దాని జ్ఞాపకం ఎవరి దగ్గర ఉంటుంది?

ఇందులో ఒక చిక్కు ఉంది. ప్రభుత్వ నిబంధనల ప్రకారం టెరిటోరియల్ ఆర్మీలో పనిచేసిన ప్రతివాడూ ‘మాజీ సైనికుడు’ కాడు. సైనిక సేవకు పింఛను పొందినవాడు, సైనిక సేవ వల్ల వైకల్యం కలిగినవాడు, శౌర్య పతకం పొందినవాడు, ఈ మూడు రకాలవారినే ఆ లెక్కలో చేరుస్తారు. ఏటా శిబిరానికి వెళ్ళి, ఒకటి రెండుసార్లు పిలుపు వస్తే వెళ్ళి వచ్చిన రైల్వే మనిషి ఈ మూడింటిలోనూ రాడు. అతని పింఛను కాగితం మీద రైల్వే పేరే ఉంటుంది, ఖాకీ తొడిగిన రోజులు కనబడవు. నేను చెప్పిన పెద్దాయన ఒకసారి తన పాత డిశ్చార్జి పుస్తకం పట్టుకుని ఒక కార్యాలయానికి వెళితే, ‘మీరు మా జాబితాలోకి రారండి’ అని పంపించివేశారట. ఆ గుమాస్తా చెప్పినది నిబంధనే. ఆయన అడిగినది కూడా డబ్బు కాదు. ‘ఎక్కడో ఒకచోట నా పేరు వ్రాసి ఉంటే చాలును’ అన్నారు.

ఉద్దానానికి సాపర్ల అవసరం

మన వజ్రపుకొత్తూరు, మందస, పలాస ప్రాంతంలో సైన్యంలోకి వెళ్ళడం కొత్త కాదు. జీడి తోట, కొబ్బరి తోట ఉన్నవాడి ఇంట్లో కూడా ఒక కొడుకు ఫౌజులో ఉండడం మనం చూస్తూనే ఉన్నాము. ప్రకృతి మన మీదకు దండెత్తడం కూడా కొత్త కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన వజ్రపుకొత్తూరు తీరం దగ్గరే నేలను తాకింది. ముప్పై నలభై ఏళ్ళ కొబ్బరి చెట్లు, తాతల నాటి జీడి మామిడి చెట్లు ఒక్క పూటలో నేలకొరిగాయి. స్తంభాలు విరిగాయి, రైళ్ళు నిలిచాయి. ఉద్దానం పచ్చదనమంతా రోడ్డుకు అడ్డంగా పడి ఉంది.

ఆ రోజుల్లో మనకు కావలసివచ్చినదేమిటి? చెట్టు ఏ వైపు నుంచి కోస్తే మనిషి మీద పడదో తెలిసినవాడు. మోకు ఎక్కడ కట్టి లాగాలో తెలిసినవాడు. తెగిన గట్టుకు బస్తాలు ఎలా పేర్చాలో, బావి నీరు తాగడానికి పనికివస్తుందో లేదో తెలిసినవాడు. ఇవన్నీ సాపర్ విద్యలే. యుద్ధంలో దారి వేసే విద్యకూ, తుపానులో దారి తీసే విద్యకూ తేడా లేదు. శత్రువు పేరు మాత్రమే వేరు. ఊరిలో ఉంటూ, తన పని తాను చేసుకుంటూ, ఆపద వేళ ఈ విద్యతో ముందుకు వచ్చేవాడి అవసరం ఏ ఉత్తర్వుతోనూ రద్దయ్యేది కాదు.

సంఘానికి విన్నపం

మన సంఘం వివాహాలకు సహాయం చేస్తోంది, పేద విద్యార్థులకు ఫీజులు కడుతోంది, సంతోషం. దీనితో పాటు ఖర్చు లేని పని ఒకటి చేయాలని నా మనవి.

పలాస, కాశీబుగ్గ, టెక్కలి, నౌపడ ప్రాంతాలలో రైల్వేలో గానీ వేరే శాఖలలో గానీ పనిచేస్తూ టెరిటోరియల్ ఆర్మీలో సేవ చేసిన పెద్దల పేర్లు ఒక పుస్తకంలో వ్రాసి పెట్టాలి. ఏ దళం, ఏ సంవత్సరాలు, ఏయే శిబిరాలు, ఏ యుద్ధానికి పిలుపు వచ్చింది, ఏ పని చేశారు అన్నది వారి నోటి మాటగానే వ్రాయాలి. డిశ్చార్జి పుస్తకాలు, ఫోటోలు ఉంటే నకలు తీసి భద్రపరచాలి. కేవలం ముస్లిం పెద్దలవే కాదు, వారితో ఒకే గ్యాంగులో పార పట్టిన హిందూ, క్రైస్తవ సోదరుల పేర్లు కూడా చేర్చాలి. స్లీపరు మోసిన నలుగురిని మతం లెక్కన విడదీస్తే ఆ చరిత్ర సగమవుతుంది. ఈ పని మన ఉర్దూ, తెలుగు బడుల పై తరగతి పిల్లలకు అప్పగిస్తే వారికి చరిత్ర పాఠం ఇంతకంటే వేరే అక్కరలేదు.

యువకులకు ఒక మాట. టెరిటోరియల్ ఆర్మీ ఈనాటికీ ఉంది. 18 నుంచి 42 ఏళ్ళ లోపువారికి, సొంత ఉద్యోగమో వృత్తో చేసుకునేవారికి దాని తలుపులు తెరిచి ఉన్నాయి. ‘సావధానీ వ శూరతా’ దాని నినాదం. జాగరూకత ముందు, శూరత్వం తర్వాత. నియామక ప్రకటనలు వచ్చినప్పుడు, ‘అది మనకెందుకులే’ అని పత్రిక మడిచి పక్కన పెట్టకండి. ఆ తలుపు కోసం 1887లో మద్రాసు సభలో ఎందరో కలిసి అడిగారు. అడిగి తెచ్చుకున్నదానిని ఉపయోగించుకోకపోతే అది ఉన్నా లేనట్లే.

మదీనా కందకం నేడు కంటికి కనబడదు. కాని దానిని తవ్వినవారిలో ఎందరి పేర్లో మన పెద్దలు జాగ్రత్తగా వ్రాసి ఉంచారు గనుక నేటికీ మన నోటి మీద ఉన్నాయి. మన పలాస పట్టాల మీద చెమట కార్చిన సాపర్లకు కూడా ఆ పాటి గౌరవం దక్కాలి. ఆ పెద్దలు మన మధ్య ఉండగానే ఆ పుస్తకం మొదటి పేజీ మొదలుపెట్టే తౌఫీఖ్‌ను అల్లాహ్ మన సంఘానికి ప్రసాదించుగాక. ఆమీన్.